ఆవగింజలు

చావిడి గడప మీద అడ్డంగా కూర్చున్నాను. ఒళ్ళో చేపాటి కర్ర. వెనక చీకట్లో గుంజకు కట్టేసిన మా కుక్క జాకీ, ముందు ఎండలో పదిమంది మనుషులు, వాళ్ళ చేతుల్లో కర్రలు, మా బావమరిది యలమందయ్య చేతిలో పందుల్ని పొడిచే బరిసె. కార్తీక సోమవారం. తెల్లవారుజామున బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని కట్టుకున్న పంచె ఇది, ఇప్పుడు దీని నిండా కుక్క నురగ, కుక్క నెత్తురు, ఆ నెత్తురు నేను కొట్టిన దెబ్బది. నక్షత్రం చూసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను కాబట్టి నోరు పిడచగట్టుకుపోయింది, శివశివా అనుకుందామంటే నాలుక అంగిట్లో అతుక్కుంటోంది. పశువుల కాంపౌండరు ఇమ్మానియేలు వచ్చి చూసేదాకా ఈ కుక్క మీద ఎవ్వడూ చెయ్యి వెయ్యటానికి వీల్లేదన్నాను. అని గంట దాటింది. పత్తిచేల మీదనుంచి వచ్చే గాలికి ఊరంతా మందు వాసన, ఈ నెలల్లో ఎప్పుడూ ఉండేదే, దాన్ని వాసన అనుకోవటం కూడా మానేశాం. నా బిడ్డ బాలసరస్వతి చేతిని ఈ కుక్క పొద్దున తొమ్మిదిన్నరకు కరిచింది. అందరికీ తెలిసిన సంగతి అది ఒక్కటే. అది పిచ్చిదయితే నా బిడ్డ బతకదు, కాకపోతే బతుకుతుంది, అది చెప్పవలసింది ఈ కుక్కే, బతికుంటేనే చెబుతుంది. చంపేశాక ఏ కుక్కా ఏమీ చెప్పదు. చంపేస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించి, అప్పటికీ నమ్మకం చాలక, బిడ్డ మంచినీళ్ళ చెంబు ఎత్తినప్పుడల్లా దాని గొంతు వంక చూస్తూ ఏళ్ళు గడపాలి మేము.

"లే బావా పక్కకి. పిచ్చికుక్కకి కాపలా ఏంది నీకు, సిగ్గులేకుండా?"

"కాంపౌండరు రానీ."

"వచ్చేలోపు అది పలుపు తెంపుకుంటే? కరిచింది నా మేనగోడల్ని. నీకు పట్టకపోతే నాకు పట్టుద్ది."

పట్టకపోతే అన్నాడు. నాకు పట్టలేదనుకుంటున్నారు అందరూ. కర్ర రెండు చేతులా పట్టుకున్నాను, వీడు ఇంకొక్క అడుగు ముందుకు వేస్తే నెత్తి పగలగొడతాను, భార్యకు అన్న అని కూడా చూడను, ఆ సంగతి వాడికీ తెలుసు. పొద్దున శివుడికి బిల్వదళం వేసిన చేతులే ఇవి. ఇంత కోపం ఈ చేతుల్లో ఎక్కడ ఉన్నది అప్పుడు? వెనక మళ్ళీ ఆ చప్పుడు. డొక్క లోపలికి పీక్కుపోయి, ఖాళీ తోలుతిత్తిని ఎవరో కాలితో తొక్కుతున్నట్టు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు, తర్వాత నేల మీద తడి పడిన చప్పుడు. ఎనిమిదోసారి ఇది. ఇమ్మానియేలు ఒకప్పుడు చెప్పాడు, జాకీ కడుపులో పాములు పడి కక్కుతున్నప్పుడు, ఇక్కడే గొంతుక్కూర్చుని, పుల్లతో ఆ కక్కును అటూ ఇటూ తీస్తూ. "ముందు కక్కినదాన్ని చూడండి జానకిరామయ్యగారూ, ఆ తర్వాత కుక్కని చూడండి. తిన్నది తిన్నట్టే పడిందా, అరిగి పడిందా. పసరా, నురగా, నెత్తురా. తిన్న ఎంతసేపటికి కక్కింది. నీళ్ళు దిగుతున్నయ్యా లేదా. గడ్డి మేసి ఒకసారి కక్కితే దాని మానాన దాన్ని వదిలెయ్యండి, కడుపు కడుక్కుంటది. నెత్తురు పారుకుంటా కక్కితే అది ఈమధ్య కొత్తగా వచ్చిన జబ్బు, పిల్లకుక్కల్ని వరసబెట్టి చంపుద్ది. కక్కు అనేది జబ్బు కాదండీ, జబ్బు ఎక్కడుందో చూపెట్టే వేలు." నేను ఎనిమిదో తరగతి దాకా చదివాను, ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. పొద్దుటి మొదటి కక్కు పసుపుపచ్చగా, అన్నం అన్నంలాగే, ఎండుమిరపకాయ తొక్కలు, ఆవగింజలు. రెండోదీ అంతే. మూడోది నురగ. ఆ తర్వాత పసరు. ఇప్పుడు పడినదాంట్లో ఎర్రగా ఏదో చార ఉన్నది, అది లోపలిదా, నేను కొట్టిన దెబ్బ వల్లనా, నాకు తెలియదు.

పిచ్చిది ఇట్లా కక్కుతుందా? తెలియదు. చొంగ అయితే కారుతోంది, తీగలు తీగలుగా, గడ్డం కింద నేల తడిసి ముద్దయింది. ఆ చొంగే వీళ్ళకు సాక్ష్యం. ఇరవై ఏళ్ళ కిందట మాకూ అదే సాక్ష్యం. మిరపకాయలు ఎండబోసిన కల్లం, అర ఎకరం మేర ఎర్రటి పరుపు, దాని మధ్యలోకి తరిమాం ఒక తెల్లకుక్కను. దవడ వేలాడేసి, చొంగ కార్చుకుంటూ, ఎవరి మీదికీ రాకుండా మూతిని నేలకేసి రాసుకుంటూ పోయింది. పిచ్చి అన్నారు. అందరూ అన్నాక నేనూ అన్నాను. మొదటి దెబ్బ ఎవరిదో, రెండోది మాత్రం నాది, ఎముక విరిగిన ఆ మెత్తటి అదురు మోచేతి దాకా వచ్చింది, ఇప్పటికీ ఈ మోచేతిలోనే ఉన్నది. కాళ్ళ కింద కాయలు చితికి ఘాటు లేచింది, దగ్గుతూ, తుమ్ముతూ, కళ్ళనీళ్ళు కారుస్తూ కొట్టాం, బండిదారిన పోయేవాళ్ళు చూసి వీళ్ళు ఏడుస్తూ కొడుతున్నారేమిటి అనుకున్నారట. ఎర్రటి కాయల్లో నెత్తురు ఎక్కడ పడిందో తెలియక ఆ మూల కాయలన్నీ తీసి పారబోయవలసి వచ్చింది. అప్పుడే కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన ఇమ్మానియేలు కల్లం గట్టు బయటే నిలబడి, ఒకసారి చూడనిస్తారా అండీ అని అడిగి, దాని నోరు రెండు పుల్లలతో తెరిచి వేలు పెట్టి, అంగిట్లో ఈ పన్నుకీ ఆ పన్నుకీ అడ్డంగా ఇరుక్కున్న మేక ఎముకను లాగి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. ఇదేనండీ దాని పిచ్చి అన్నాడు. యలమందయ్యే అన్నాడు, అయితే మాత్రం, వీధికుక్కేగా అని. అందరూ నవ్వారు, నేనూ నవ్వినట్టే గుర్తు.

"ఒరేయ్, మీరు అటు గోడ దూకి రండిరా, ఈయన ఎన్నని చూస్తాడు!" యలమందయ్య గొంతు. నేను లేచి నిలబడ్డాను. కర్ర పైకి లేచింది, నేను లేపినట్టు తెలియలేదు. "దూకండి. దూకినవాడి కాలు జాకీ కాలుకి జోడు చేస్తా," అన్నాను, ఆ గొంతు నాది కాదు. గోడ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఆగారు. కాలు. అవును, దాని కాలు నేనే విరగ్గొట్టాను. పొద్దున పూజలో ఉంటే పిల్ల కేక వినపడింది, హారతి పళ్ళెం అట్లాగే వదిలేసి పరిగెత్తుకొచ్చాను. జాకీ పక్కకు పడి నాలుగు కాళ్ళూ కొయ్యల్లా చాచి కొట్టుకుంటోంది, మూతినిండా నురగ, బాల దాని మూతి తుడవబోయిందట, ఆ పళ్ళు చేతి మీద బిగుసుకుపోయాయి. ఈ కర్రతోనే కొట్టాను. మొదటిది నడుం మీద, రెండోది తొడ మీద, టప్పున విరిగింది, అయినా పళ్ళు విడవలేదు, మూడోది తల మీద వెయ్యబోయి ఎందుకో ఆపి దవడల మధ్య కర్ర దూర్చి పెకలించాను. ఎందుకు ఆపానో ఇప్పటికీ తెలియటం లేదు. కళ్ళు చూశాననుకుంటా. కరిచే కుక్క కళ్ళల్లో ఉండేది ఆ కళ్ళల్లో లేదు, అది తన దవడల్ని తానే ఆపలేకపోతున్నట్టు ఉన్నది. ఇంట్లోనుంచి కోటేశ్వరమ్మ కేక. "ఏమయ్యా! పిల్ల మళ్ళీ కక్కుకుంది! ఆ కుక్కని చంపిచ్చి అవతల పడేసి రావయ్యా, దాన్ని తలుచుకునే బిడ్డ జడుసుకుంటంది!" జడుపు. మూడుసార్లు దిష్టి తీసింది, విభూతి పెట్టింది, పసుపుతాడు కట్టింది. జడుపుకు పిల్లలు కక్కుకోవటం ఉన్నదే, నేనూ చిన్నప్పుడు కక్కుకున్నాను, ఆబోతు తరిమితే. కానీ ఆ చప్పుడు. గోడ అవతల బిడ్డ, ఇవతల కుక్క, ఒకటి ఆగితే ఒకటి, రెండూ ఒకే తిత్తి తొక్కుతున్నట్టు. ఈ చప్పుడు ఈ చావిడికి కొత్త కాదు.

రెండేళ్ళయింది. తెల్లదోమ పట్టిన ఏడు. పత్తి ఆకులన్నీ జిగటలు కారి మసిపట్టి, మందు మీద మందు, వారానికి రెండుసార్లు, చివరికి దోమ చావలేదు, అన్న చచ్చాడు. మా అన్న రామమూర్తి, చేలో కొట్టవలసిన మందు నోట్లో పోసుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు, వెనకనే జాకీ, అది అన్న కుక్క. ఈ గుంజకే ఆనించి కూర్చోబెట్టాం. పళ్ళు గిట్టకరిస్తే మధ్యలోకి గరిటె కాడ దూర్చారు, ముందు పన్ను ఒకటి ఊడివచ్చింది. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, సబ్బునీళ్ళు, అవి చాలవని ఎవరో కుక్కపెంట నీళ్ళల్లో పిసికి తెచ్చారు, కక్కిస్తే బతుకుతాడని. మా దగ్గర అందరికీ చేసేదే. యలమందయ్య ముక్కు మూశాడు, నేను తల వెనక్కి వంచి పట్టుకున్నాను. నా అన్న, నన్ను భుజాన ఎక్కించుకుని కోటప్పకొండ తిరునాళ్ళ చూపించినవాడు, ఆ నీళ్ళు వాడి గొంతులో గుడగుడమంటుంటే నా మోకాలితో వాడి రొమ్ము నొక్కి పట్టాను. వద్దురా తమ్ముడూ అన్నాడు. చంపెయ్యరా అన్నాడు. నేను చంపలేదు, పొయ్యటమూ ఆపలేదు. కొంత కక్కాడు, కొంత ఊపిరితిత్తుల్లోకి పోయిందట, అది మేము పోసిందే, తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. సాయంత్రం దాకా కొట్టుకున్నాడు. ఒళ్ళంతా చర్మం కింద ఎలుకలు పరిగెత్తుతున్నట్టు కండలు ఎగిరాయి, చొంగ ఆగలేదు, తల నా ఒళ్ళో ఉన్నది కాబట్టి కళ్ళు నాకే కనపడ్డాయి, కంటిపాపలు ముడుచుకుని ముడుచుకుని ఆవగింజంత అయ్యాయి, అంత చిన్న సందులోనుంచి నేను వాడికి కనపడుతున్నానా లేదా అని వంగి వంగి చూశాను. నమశ్శివాయ చెవిలో చెప్పాను. విన్నాడా స్వామీ? ఆ సందులోనుంచి నువ్వు కనపడ్డావా? వాడు కక్కిన చోట పొడిచిన రెండు కోళ్ళు కాళ్ళు బారచాచి అక్కడే పడిపోయినాయి. మనిషి పోయిన ఇంట్లో కోళ్ళ సంగతి ఎవరు పట్టించుకుంటారు. పట్టించుకున్నది నేనే, అప్పుడు కాదు, తర్వాత చాలా రోజులకు.

కోడి. ఇందాక నా కాళ్ళ సందుగా ఒక కోడి లోపలికి పోయింది, ఎర్రది, యలమందయ్య వాళ్ళది. ఉష్ అన్నాననుకున్నాను, అనలేదేమో. వెనక్కి తిరిగి చూశాను. పొద్దుటి మొదటి కక్కు దగ్గర నిలబడి ఒక్కొక్కటీ ఏరుకుంటోంది. అన్నం వదిలేసి నల్లటివి ఏరుకుంటోంది. ఆవగింజలు. ముక్కు నేలకు తగిలినప్పుడల్లా టిక్కుమంటోంది. చూస్తున్నాను, చూస్తూ ఉండగానే రెక్క ఒకటి జారి నేలకు తగిలింది, మెడ పక్కకు వాలింది, తాగినవాడిలా రెండడుగులు వేసి కూలబడి రెక్కలు టపటప కొట్టుకుని కాళ్ళు బారచాచింది. ఆ చాచటం నాకు తెలుసు. పిచ్చికుక్క కక్కింది ఏరుకుంటే కోడి నిలబడ్డపళంగా చావదు. కర్ర ఎప్పుడు కింద పడేశానో, జాకీ తల రెండు చేతులా పట్టుకున్నాను, "బావా! కరుస్తది!" అని ఎవరో అరుస్తున్నారు, కరవలేదు, దాని తలలో అంత బలం లేదు. చావిడి చీకటి. చీకట్లో ఏ కుక్క కన్నైనా నల్లగా విచ్చుకుంటుంది. దీనివి విచ్చుకోలేదు. ఆవగింజలు. రెండు ఆవగింజలు, గోధుమరంగు కంట్లో. అన్నా అన్నాను, కుక్కను.

"కోటేశ్వరమ్మా!" నా కేకకు చూరు మీది కాకి లేచిపోయింది. "పిల్లేం తిన్నది పొద్దున?"

"రాత్రన్నం తాలింపేసి పెట్టా. సగం తిని చేదుగా ఉందని ఆ కుక్కకే పోసింది. మూకుడు తుడిచి ఆ అడుగుదంతా కూడా దానికే వేశా. ఇప్పుడా తిండి లెక్కలు?"

"నూనె ఏది పోశావు?"

"వంటనూనె అయిపోయిందని రాత్రి చెప్పాగా. దేవుడి దగ్గర డబ్బాలోది పోశా. నువ్వులనూనేగా, తప్పేంది?"

తప్పేమీ లేదు. తప్పు ఆమెది కాదు. దేవుడి దగ్గర డబ్బా. తెల్లటి అల్యూమినియం డబ్బా, మర మూత, చుక్క కారదు, పీట పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. అలాంటి మందు డబ్బాలు అన్న రెండు కొన్నాడు. ఒకటి పోలీసులు తీసుకుపోయారు. రెండోది ఆ ఏడు చేలో నేనే కొట్టేశాను, ఖాళీ డబ్బా అటక మీద పారేశాను. ఈ కార్తీకానికి నెలరోజుల దీపానికి నూనె పోసుకోవటానికి మంచి డబ్బా ఏదీ కనపడక అది దించాను. బూడిదతో తోమాను, చింతపండుతో తోమాను, మూడుసార్లు మరుగునీళ్ళు పోసి కడిగి ఎండబెట్టాను, మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను. వాసన ఉన్నట్టే ఉన్నది. అంచు మడతలోకి, అడుగున పేరుకున్న గారలోకి నా వేలు పోలేదు. అప్పుడు నేను అనుకున్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తున్నది. తినేదానికి కాదుగా, దేవుడికేగా. ఎవరికీ ఇప్పటిదాకా చెప్పలేదు. నా నోటికి పనికిరాదనుకున్నదాన్ని నీ ముందు పెట్టాను స్వామీ, పెట్టి దణ్ణం పెట్టాను, పదిహేను రోజులు ఆ నూనె ఆ గారను కరిగించుకుంటూ నీ ముందే కూర్చున్నది, నువ్వు చూస్తూనే ఉన్నావు. నువ్వు ఎందుకు చెప్పలేదు అని అడగను. చెబితే ఎట్లా చెబుతావు. కుక్క చేత కక్కించి చెప్పావా? దాన్ని నేను కర్రతో కొట్టానా? వాకిలి దాటి ఇంట్లోకి పరిగెత్తాను. చావిడి వదిలేశానన్న సంగతి కూడా గుర్తులేదు. బాల చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నది, పదకొండేళ్ళ పిల్ల, దిండంతా చొంగ, చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది, మోకాలి పైన కండ దానంతట అదే ఎగురుతున్నది. రెప్ప ఎత్తాను. ఆవగింజ.

మోపెడ్ చప్పుడు. ఇమ్మానియేలు. యాభై దగ్గరికి వచ్చిన మనిషి, చొక్కా అంతా బర్రెల నురగ. "ఆలస్యమైందండీ, పక్కూళ్ళో రెండు బర్రెలు మందు కొట్టిన గట్టున మేసి పడిపోయినయ్యి," అంటూనే చావిడిలోకి పోయాడు, ముందు కక్కు చూశాడు, కోడి చూశాడు, వేలితో జాకీ రెప్ప ఎత్తి ఆ వేలు వాసన చూసుకున్నాడు. యలమందయ్య, కర్రలవాళ్ళు అందరూ మూగారు. "పిచ్చి కాదు. మందు పడింది దీనికి. ఏం తిన్నది?" నేను ఇంటి గుమ్మంలోనుంచి అన్నాను, "నా పిల్ల కూడా అదే తిన్నది." ఆయన మొహం మారిపోయింది. గబగబా వచ్చి గడప దగ్గర ఆగిపోయాడు, ఇరవై ఏళ్ళ కిందట కల్లం గట్టు దగ్గర ఆగినట్టే. ఆ ఆగటం ఆయన కాళ్ళకు ఎవరు నేర్పారో నాకు తెలుసు, మేమే. రండి లోపలికి అన్నాను, చెయ్యి పట్టుకుని లాగాను. పిల్ల కళ్ళు చూశాడు, నాడి చూశాడు, చేతి మీది గాటు చూశాడు. "ఇది కరిచింది కాదండీ, వంకర్లు తిరిగేటప్పుడు దవడ పడింది." తోలుసంచి తెరిచాడు. "ఆట్రోపిన్. దీనికి ఇదే మందు. బర్రెలకి పోను నాలుగే మిగిలినయ్యి. కానీ నేను గొడ్ల మనిషినండీ. పిల్లలకి పొడవకూడదు నేను. ఏమన్నా అయితే..." వాకిట్లో పదిమంది కర్రలతో ఉన్నారు. ఆయన వాళ్ళవైపు చూడలేదు గానీ, చూసినట్టే నాకు తెలిసింది. "పెద్దాసుపత్రి ఎంత దూరమో మీకు తెలుసు," అన్నాను. "ఏమన్నా అయితే అది నేను చేసింది. ఇప్పటిదాకా జరిగింది కూడా నేను చేసిందే." ప్రభువా అని గొణిగాడు, నేను శివా అన్నాను, సూది దిగింది. కోటేశ్వరమ్మ మడిచీరతోనే ఆయన పక్కన కూలబడి బిడ్డ కాలు కదలకుండా పట్టుకున్నది. ఏ నూనె, ఏ డబ్బా అని ఇంకా నన్ను అడగలేదు. అడుగుతుంది.

"ట్రాక్టరు తెస్తా," అన్నాడు యలమందయ్య. "బావా, దాన్నేం చేద్దాం?" ఇమ్మానియేలు తల అడ్డంగా ఊపాడు. "మిగిలిన మూడూ దారిలో పిల్లకి కావాలి. దానికి లేదండీ. ఇట్టాగే సాయంత్రం దాకా కొట్టుకుంటది." సాయంత్రం దాకా. బరిసె వంక చూశాను. యలమందయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. "నేను పొడవను. పిచ్చిదయితే పొడిచేవాణ్ణి. సోమవారం పూట మంచి కుక్కని నేను పొడవను బావా," అని బరిసెను గోడకానించి పరిగెత్తాడు. మిగిలినవాళ్ళ కర్రలు కూడా ఎప్పుడో కిందికి దిగిపోయినాయి, ఒకడు కర్ర గోడ అవతలికి విసిరేసి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు. బరిసె బరువుగా ఉన్నది, కాడ ఇంకా యలమందయ్య చెమటతో తడిగా ఉన్నది. చావిడిలో జాకీ నన్ను చూసి తోక కదిలించింది, ఒక్కసారి, విరిగిన కాలి పక్కన. గంటసేపు దీనికోసం ఊరి నెత్తి పగలగొడతానని కూర్చున్నాను. చంపెయ్యరా తమ్ముడూ. వాడి చర్మం కింద ఎలుకలు పరిగెత్తినట్టే దీని చర్మం కింద కూడా. ఎడమ చేత్తో దాని కళ్ళు మూశాను, ముందుకాలి వెనక, డొక్క మొదట్లో మొన ఆనించి నా ఒళ్ళంతా దాని మీద వాల్చాను. మొదటి పోటు పక్కటెముకకు తగిలి జారింది. అది అరిచింది. నేనూ అరిచాను. రెండోది దిగింది, నేలకు తగిలేదాకా దిగింది, వేడిగా మణికట్టు మీదికి చిమ్మింది, కాళ్ళు నాలుగుసార్లు నేలను గీరాయి, నా అరచేతి కింద రెప్పలు కొట్టుకుని ఆగిపోయాయి. పుణ్యమో పాపమో నాకు ఎవరూ చెప్పలేదు. పంచె మీద పొద్దుటి నెత్తురు ఆరింది, దాని మీద ఇప్పటిది.

ట్రాక్టరు తొట్టిలో పత్తి నింపిన గోనె బోరేల మీద బాల తల నా ఒళ్ళో. యలమందయ్య రోడ్డు చూడకుండా తోలుతున్నాడు, గుంటలో పడినప్పుడల్లా బోరేల్లోనుంచి దూది రేగి మా మొహాల మీద పడుతోంది. కోటేశ్వరమ్మ కాళ్ళు పట్టుకున్నది. ఇమ్మానియేలు తొట్టి అంచు ఒక చేత్తో, సూది ఒక చేత్తో, రెండోది వేసి ఎంతసేపయిందో గడియారం చూసుకుంటున్నాడు. రెండు వైపులా పత్తిచేలు, తీతకొచ్చిన తెల్లదనం, ఎవరో మూతికి తువ్వాలు కట్టుకుని మందు కొడుతూ ఆగి చూశాడు. బాల డొక్క లోపలికి పోయింది, ఆ చప్పుడు, దోసిలి పట్టాను. దోసిట్లోకి చూశాను, ముందు కక్కినదాన్ని చూడాలి. నీళ్ళు. పసరు కూడా లేదు, నెత్తురు లేదు. ఒక్క ఆవగింజ, అరచేతి గీతలో ఆగిపోయింది. "చొంగ తగ్గిందండీ," అన్నాడు ఇమ్మానియేలు, "కళ్ళు చూస్తా ఉండండి, కంటిపాప పెద్దదయితే మందు పట్టినట్టు." నేను వంగాను. నా నీడ దాని మొహం మీద పడింది. "నాన్నా," అన్నది బాల, నాలుక మందంగా. "జాకీకి కూడా వేశారా సూది?" ఇమ్మానియేలు చేలవైపు తిరిగాడు. వేశాం తల్లీ అన్నాను. కంటిపాప ఆవగింజ దాటింది, మిరియపు గింజంత అయింది, కాసేపటికి దానికన్నా పెద్దదయింది, నల్లగా, తడిగా, అందులో ఒక మనిషి మొహం కనపడేంత. ఆ మొహం చూడాలని లేదు నాకు. అయినా రెప్ప వెయ్యకుండా చూస్తూనే ఉన్నాను, ఇంకా పెరుగుతున్నదో లేదో చూడాలి కదా.